మా దుడ్లు ఎవరి దగ్గర ఉంటాండాయి: ఒక సెమినార్ పేపర్ డైరీ

జూన్, మొదటి వారం

ఇది డైరీ మాదిరి రాసుకుంటా పోతా, ఇంకెవరన్నా ఇట్లాంటి పని, అంటే వైకల్యం ఉన్నవాళ్లే తమ సంగతి మీద సెమినార్ పేపర్ తయారుచేసి చెప్పే పని, ఎత్తుకుంటే పనికొస్తుందని. ముందు ఎవరి గురించో చెప్పేస్తా. బౌద్ధిక వైకల్యం, అంటే చిన్నప్పట్నుంచే నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం మెల్లగా ఉండే పెద్దవాళ్ల గురించి. అనంతపురంలో వాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఫైల్ కవర్లు అతికించి, పేపర్ ప్లేట్లు కొట్టి, ఫినాయిల్ బాటిళ్లు నింపి పోయే ఒక చిన్న సెంటర్ ఉంది, అక్కడ నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చేస్తాండా.

ఊర్లోనే ఒక కాలేజీ వాళ్లు నవంబర్లో దివ్యాంగుల మీద నేషనల్ సెమినార్ పెడతాండారు. అక్కడి సోషల్ వర్క్ సార్ ఫోన్ చేసి రెండు కోరికలు కోరినాడు. ఒకటి, మీ దగ్గర మంచి కేస్ స్టడీలు ఉంటాయి కదా మేడం ఒక పేపర్ రాయండి అని. రెండోది, ప్రారంభోత్సవంలో మీ పిల్లలతో ప్రార్థన పాడించండి అని. పిల్లలంట! మా దగ్గర అందరికంటే చిన్నామెకే ఇరవై దాటి శానా రోజులైంది, ఒకాయనకి గడ్డం నెరుస్తాంది. ఇట్లాంటి మీటింగులు ఎన్ని చూడలేదు, పొద్దున పాట పాడించి, తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, గ్రూప్ ఫోటో తీసి ఆటోల్లో పంపించేస్తారు, తర్వాత లోపల సాయంత్రం దాకా వాళ్ల గురించే మాట్లాడుకుంటారు, వాళ్లు మాత్రం ఉండరు. పాట వద్దు సార్, పేపర్ ఇస్తాం, కానీ ఏం రాయాలో తేల్చేదీ స్టేజీ ఎక్కి చెప్పేదీ వాళ్లే, నేను పక్కన ఉంటా అని చెప్పినా. సార్ కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఇట్లా ఎక్కడన్నా చేస్తారా మేడం?" అన్నాడు, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినాడు.

చేస్తారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో బౌద్ధిక వైకల్యం ఉన్నవాళ్లు 1974లోనే తమ మహాసభ తామే పెట్టుకున్నారు, ముందు మేం మనుషులం అనే పీపుల్ ఫస్ట్ ఉద్యమం అట్లా నిలబడింది. ఇంగ్లండులో వాళ్లతో కలిసి పరిశోధన చేయడం ఎప్పట్నుంచో ఉంది, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ లెర్నింగ్ డిజెబిలిటీస్‌లో (అక్కడ ఆ మాటకి బౌద్ధిక వైకల్యం అనే అర్థం) ఎంత పెద్ద ప్రొఫెసర్ రాసినా పేపర్‌తో పాటు తేలిక మాటల్లో ఒక సారాంశం కూడా ఇవ్వల్ల. అట్లాంటిదొకటి సార్‌కి వాట్సాప్ చేసినా. రాత్రికి "సరే మేడం, ట్రై చేద్దాం" అని మెసేజ్ పెట్టినాడు.

జూన్, చివర్లో

సెమినార్ అంటే ఏందో చెప్పడానికే ఒక పూట పట్టింది. యూట్యూబ్‌లో ఒక సెమినార్ వీడియో సౌండ్ తీసేసి చూపించినా, ఇదిగో ఈయన మాట్లాడతాండాడు, వీళ్లు వింటాండారు, ఇప్పుడు ఈమె ప్రశ్న వేస్తాంది, ఇది మధ్యాహ్నం భోజనం. భోజనం అనగానే చేతులు శానా లేచినాయి, మైకు అనగానే సగం దిగిపోయినాయి. చివరికి ముగ్గురు నిలిచినారు.

డైరీలో అసలు పేర్లు రాయను, మీకు నచ్చిన పేరు చెప్పండి అన్నా. ఒకాయన వెంటనే "కండక్టర్" అన్నాడు, బుక్కరాయసముద్రం నుంచి రోజూ బస్సులో ఒక్కడే వచ్చి పోతాడు, ధర్మవరం తాడిపత్రి కళ్యాణదుర్గం ఏ రూట్ అడిగినా స్టాపులు వరసగా చెప్తాడు. ఇంకొకామె డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే ఒక జన్యు స్థితి) ఉన్నామె, ప్లేట్లు ఎవరన్నా వంకరగా పేరిస్తే ఊరుకోదు, "టీచరమ్మ" అని పెట్టుకునింది. మూడో ఆయనకి మాటలు ఓ నాలుగైదుకి మించి రావు, తలూపడం, చెయ్యి పట్టి లాగడం, ఫోటో చూపించడం, అంతే. కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఒకాయన ఫోటో మీద చెయ్యి పెట్టినాడు, మిగతా ఇద్దరూ "అయితే బాస్" అన్నారు, నవ్వినాడు, ఖాయం చేసేసినాం. మాటలొచ్చే వాళ్లని మాత్రమే తీసుకుంటే పని సులువు, నాకూ తెలుసు. ఇట్లాంటి పనుల్లో మామూలుగా జరిగేదీ అదే, మాట రానివాళ్లు మళ్లీ గడప బయటే.

కండక్టర్ ఇంకో షరతు పెట్టినాడు: "డైరీలో ఏమన్నా రాసుకో మేడం, పేపర్ మీద మాత్రం నా పేరే పడల్ల." ఇది చిన్న విషయం కాదు. పరిశోధన ఎవరి మీద చేస్తారో వాళ్ల పేర్లు దాస్తారు, ఎవరు రాస్తారో వాళ్ల పేర్లు పైన వేస్తారు. ఆయన రెండో గుంపులో ఉంటానంటాండాడు.

జూలై

పేపర్ దేని మీదో, ఆ ప్రశ్న తేలింది. నేనైతే ఉద్యోగాల మీద చేస్తారనుకున్నా. చాప మీద ఫోటోలు పరిచినాం, బస్సు, సెంటర్లో పని, ఆస్పత్రి, సెల్‌ఫోన్, గుడి, పెండ్లి, ఐదొందల నోట్లు. అందరికీ చేతినిండా చెనిక్కాయ విత్తనాలు ఇచ్చి, దేని గురించి మాట్లాడల్లో దాని మీద పెట్టండి అని చెప్పినాం. కొన్ని విత్తనాలు నోట్లోకి పోయినాయి, అది వేరే సంగతి. నోట్ల ఫోటో మీద కుప్ప పడింది. పెండ్లి ఫోటో మీద కూడా బాగానే పడినాయి, అది ఇంకో పేపర్, దానికి ఇంకాస్త ధైర్యం కావల్ల.

నోట్లు ఎందుకు అంటే అందరూ ఒకటే మాట, పెన్షన్. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకి 6000 అయింది, ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతికిస్తారు. కండక్టర్ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాండా: "వేలేసేది నేను. లెక్కపెట్టేది మాయమ్మ." బాస్ బొటనవేలు ఎత్తి చూపించినాడు, తర్వాత ఖాళీ చెయ్యి. ఇంక వేరే ప్రశ్న వెతకాల్సిన పని ల్యాకపాయ.

జూలైలోనే, ఇంకొంచెం తర్వాత

ఇక అనుమతుల గోల. ముందు అనుకున్నది ఏందంటే, ఈ ముగ్గురూ చుట్టుపక్కల ఊర్లలో తమలాంటి వాళ్ల దగ్గరికి పోయి ఇదే ప్రశ్న అడగల్ల అని. సార్ తన కాలేజీ ఫారం పంపించినాడు, నాలుగు పేజీల ఇంగ్లీషు, కింద తల్లిదండ్రుల సంతకానికి గీత. ఆ మనిషి సంతకానికి చోటే లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం తీసి సార్‌కి చూపించినా. ఆరో సెక్షన్‌లో ఉంది, వైకల్యం ఉన్న మనిషి మీద పరిశోధన చేయాలంటే ఆ మనిషికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే చేయల్ల, దాంతో పాటు ప్రభుత్వం వేసిన పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి ఉండల్ల, ఆ కమిటీలో కనీసం సగం మంది వైకల్యం ఉన్నవాళ్లో వాళ్ల రిజిస్టర్డ్ సంఘాల సభ్యులో అయి ఉండల్ల. అంత స్పష్టంగా రాసి పెట్టినారు, చదివేవాళ్లే తక్కువ. మన విషయానికి 13వ సెక్షన్ ఇంకా దగ్గర, తన డబ్బు వ్యవహారాలు తాను చూసుకునే హక్కు అందరితో సమానంగా ఉందంటుంది.

ఇంత పట్టుదల ఎందుకు మేడం, మనం ఏమన్నా ఇంజెక్షన్లు వేస్తాండామా అన్నారు మా సెంటర్లోనే ఒకరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, బుద్ధి తక్కువని ముద్ర వేసిన పిల్లల్ని పెట్టే ఫెర్నాల్డ్ స్కూల్ అని ఉండేది. 1940లు, 50లలో అక్కడి మగపిల్లల్ని సైన్స్ క్లబ్ అని చెప్పి చేర్చుకున్నారు, బేస్‌బాల్ ఆట చూడ్డానికి తీసుకుపోయినారు, పొద్దున తినే ఓట్స్‌లో మాత్రం రేడియోధార్మిక పదార్థం కలిపి పెట్టినారు, ఒంట్లోకి ఖనిజాలు ఎట్లా ఇంకుతాయో చూడ్డానికి. ఇండ్లకి పంపిన ఉత్తరాల్లో రేడియేషన్ అన్న మాటే లేదు. సంతకాలు ఉండాయి, అన్నీ పద్ధతిగానే ఉండాయి. ఇది చెప్పిన తర్వాత ఇంకెవరూ ఏం అనలే.

ఆ పరిశోధన కమిటీ అనుమతికి అర్జీ రాసి పంపించినాం. అది ఎప్పుడు తిరిగొస్తుందో దేవుడికెరుక, అందుకని ఊర్లలో అడిగే పని పక్కన పెట్టి, ఈ పేపర్‌లో ముగ్గురూ తమ సొంత సంగతి మాత్రమే చెప్పల్ల అని తేల్చుకున్నాం. సార్‌కి ఇది కొంచెం నిరాశే, శాంపిల్, అంటే అడిగిన మనుషుల లెక్క, చిన్నదైపోతుందంట.

ఆగస్టు

ఇండ్లవాళ్లతో మీటింగ్. ఇది గట్టిగా జరిగింది. పెన్షన్ అన్న మాట వినగానే ముఖాలు మారిపోయినాయి, సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేస్తాండారని, నోటీసులు వస్తాండాయని ఒకటే భయం, ఇప్పుడు మీరు మైకులో చెప్తే ఉన్నది పోతే ఎవరు దిక్కు అని. వాళ్ల భయం ఉత్తది కాదు. కండక్టర్ వాళ్లమ్మ అయితే నేరుగా నా మీదికే వచ్చింది: "ఫిట్స్ మాత్రలకు ఎంతవుతాదో నీకు తెలుసా మేడం? వాన్ని చూసుకోవాలని నేను కూలికి పోవడం మానేసి ఎన్నేండ్లాయ? ఇప్పుడు నేను దొంగనా?"

దీనికి జవాబు నేను చెప్పలే. కండక్టరే చెప్పినాడు: "దొంగ అన్లేదమ్మా. ఎంతుందో చెప్పు." 

పేపర్ రూపం ఆ మాటతో మారిపోయింది. డబ్బులు ఎవరి చేతిలో ఉండల్ల అనేది ఒకటి, ఎంత వచ్చింది ఎంత అయిపోయింది అని తెలియడం ఇంకొకటి. టీచరమ్మకి డబ్బు తన దగ్గర ఉండాలని లేనే లేదు, "మాయమ్మ దగ్గరుంటేనే బాగుంటాది, నాకు చెప్తే చాలు" అంటాంది. కండక్టర్‌కి కొంచెమన్నా జేబులో ఉండల్ల, పొద్దున బస్టాండులో ఉగ్గాని బజ్జీ తన దుడ్లతో తినల్ల. బాస్‌కి ఏం కావాలో తెలుసుకోవడానికి ఇంకా టైమ్ పట్టింది. ముగ్గురూ ఒకే మాట చెప్పరు, చెప్పాల్సిన పని కూడా లేదు. హక్కుల మీటింగుల్లో అందరూ ఒకే నినాదం ఇస్తే మనకి బాగుంటుంది గానీ, నేనైతే ఈ తేడాలే పేపర్‌లో అసలు సరుకు అంటా. అమ్మ చెప్పిన కూలి సంగతి కూడా ఒక స్లైడ్‌గా పెట్టాలని టీచరమ్మే చెప్పింది.

ఆగస్టు, చివర్లో: పనిముట్లు

ఇది పనికొచ్చే భాగం కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. మన వాళ్లని ఏమడిగినా మొదట వచ్చే జవాబు "అవును మేడం". చిన్నప్పట్నుంచి అవునంటేనే మంచోడని అలవాటు చేసినాం మనమే. 1981లో అమెరికాలో సిగెల్‌మన్, ఆమెతో పనిచేసిన వాళ్లు ఇదే విషయం మీద పేపర్ వేసినారు, ఒకదానికొకటి పొసగని ప్రశ్నలు రెండడిగితే రెండిటికీ అవుననే వాళ్లు శానామంది ఉంటారని. అందుకని అవునా కాదా అనే ప్రశ్నలు తీసేసినాం. రెండు ఫోటోలు, ఇదా అదా, కాసేపాగి కుడిది ఎడమకి ఎడమది కుడికి మార్చి మళ్లీ అడగడం, ఇంకో రోజు వేరే మనిషి అడగడం. మూడుసార్లూ ఒకటే చూపిస్తేనే రాసుకున్నాం. నవ్వే ముఖం ఏడ్చే ముఖం బొమ్మలు పెట్టి చూసినాం గానీ పనిచేయలే, నవ్వే ముఖం అందంగా ఉందని అందరూ దాన్నే పట్టుకుంటారు. బాస్‌కి ఇంట్లో వస్తువుల ఫోటోలు పనిచేసినాయి, బీరువా, వాళ్లమ్మ కొంగు ముడి, కిరాణా కొట్టు, దేవుడి హుండీ. నోటు బొమ్మ చేతికిస్తే ప్రతిసారీ కిరాణా కొట్టు మీదే పెట్టినాడు, అక్కడ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంటుంది.

ఒప్పుకోలు కాగితం: ఒక లైనుకి ఒక్క సంగతి, పక్కన బొమ్మ, అక్షరాలు పెద్దవి. ఇంగ్లీషులో తేలిక మాటలు, బొమ్మలతో రాసే ఈజీ రీడ్ నియమాలు చూసి అట్లాగే చేస్తే తెలుగులో కుదరదు, ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాలకి తగులుకుని ముద్ద అయిపోతాయి, లైన్ల మధ్య ఖాళీ దాదాపు రెట్టింపు పెట్టల్ల. ఒత్తుల మీద ఒత్తులొచ్చే మాటలు తీసేసి ఇంట్లో మాటలు వేయల్ల. "నాకు ఇష్టం లేకపోతే మధ్యలో మానేస్తా, ఎవరూ తిట్టరు" అనేది చివరి లైను. దీన్ని టీచరమ్మ పరీక్ష చేసింది, ఒక రోజు రిహార్సల్ మధ్యలో లేచి ఇంటికి పోయింది. మర్నాడు వచ్చి "తిట్టలేదు కదా" అని కూర్చునింది.

ఇంకోటి, మూడు రంగుల అట్టలు. ఎరుపు అంటే ఆపు, పసుపు అంటే అర్థం కాలే మెల్లగా చెప్పు, పచ్చ అంటే సరే. ఇంగ్లండులో ఇట్లాంటి వాళ్ల మీటింగుల్లో ఎప్పట్నుంచో వాడతారు. మా ఫైల్ కవర్ల అట్టలే కోసి చేసుకున్నాం. ఇప్పుడు సెంటర్లో స్టాఫ్ మీటింగులో కూడా పసుపు అట్ట లేస్తాంది, మా మేనేజర్‌కి అంత సంబరంగా లేదు.

సెప్టెంబర్

అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ సారాంశం, 250 మాటలు, ఇంగ్లీషులో. వాళ్లు చెప్పింది నేను తెలుగులో రాసినా, సార్ ఇంగ్లీషు చేసినాడు, దాన్ని మళ్లీ తెలుగులో వాళ్లకి చదివి వినిపించినాం. సార్ థియరిటికల్ ఫ్రేమ్‌వర్క్ అని ఒక పేరా చేర్చినాడు. టీచరమ్మ పసుపు అట్ట ఎత్తింది. సార్ చెప్పినాడు, మళ్లీ ఎత్తింది, ఇంకో రకంగా చెప్పినాడు, మళ్లీ ఎత్తింది. చివరికి ఆ పేరా ఆయనే కొట్టేసినాడు.

రిజిస్ట్రేషన్ గూగుల్ ఫారంలో ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్, రీసెర్చ్ స్కాలర్, స్టూడెంట్, ఇంతే, వేరేది ఎంచుకునే వీలు లేదు. ఫీజు కూడా వాటి ప్రకారమే. సార్ కమిటీతో మాట్లాడి ఇంకో గడి పెట్టించినాడు, అర్హత అన్న చోట కండక్టర్ "పెన్షన్ తీసుకునే మనిషి" అని రాయమన్నాడు. ఫీజు లేదు. కానీ మేం ఇంకోటి అడిగినాం, బయటి నుంచి వచ్చే వక్తలకి కవర్లో డబ్బులు ఇస్తారు కదా, వీళ్లకి ఆ రోజు కూలి పోతుంది, వీళ్లకీ ఇవ్వండి, నగదుగా, ఎవరిది వాళ్ల చేతికి. దీనికి నెల పట్టింది.

అక్టోబర్

రిహార్సల్స్. స్లైడ్‌కి ఒక ఫోటో, ఒక మాట. స్లైడ్ మార్చే బటన్ బాస్ చేతిలో పెట్టినాం, ఆయన నొక్కితేనే ముందుకి పోతుంది, కండక్టర్ ఉరకలేస్తే ఆయన నొక్కడు. మైకు కీచుమంటే టీచరమ్మ చెవులు మూసుకుంటుంది, కాబట్టి ముందు రోజే ఆ హాల్‌కి పోయి మైకు సౌండు చూసుకోవడం, లైబ్రరీ పక్కన ఖాళీ రూము ఒకటి అడిగి పెట్టుకోవడం, స్టేజీ మెట్లు ఎక్కి దిగడం. అందరికీ పది నిమిషాలు, మాకు ఇరవై అడిగినాం. ఇచ్చినారు.

నవంబర్, సెమినార్ అయిపోయింది

కాళ్లు నొప్పులు. ముందు మంచిది రాస్తా, మాట్లాడినారు, ముగ్గురూ.

టీ తర్వాత మొదటి పేపర్ మాదే అని ఎన్నిసార్లో చెప్పి పెట్టుకున్నాం, ఒంటిగంటకి కండక్టర్ మాత్ర వేసుకోవల్ల, తిన్న తర్వాతే వేసుకోవల్ల. కానీ దీపం వెలిగించడం, శాలువాలు, మెమెంటోలు, అతిథి గారి గురించి ఒకరు, ఆయన గురించి మాట్లాడినాయన గురించి ఇంకొకరు, పన్నెండున్నర దాటినా ప్రారంభోత్సవమే నడుస్తాంది. వీళ్ల కోసం ఏ ఏర్పాటు చేయాలన్నా కమిటీలు కూర్చుంటాయి గానీ, చెప్పిన టైముకి మొదలుపెట్టడం అనే ఏర్పాటుకి పైసా ఖర్చు లేదు. సార్ కార్యక్రమం మధ్యలోనే మా ముగ్గురికీ భోజనం తెప్పించినాడు, మాత్ర వేయించినాం, తిన్న తర్వాత స్టేజీ ఎక్కినారు.

కండక్టర్ గొంతు మొదట వణికింది, స్టాపుల పేర్లు చెప్పినట్టు వరసగా చెప్పుకుంటా పోయినాడు, సర్దుకునింది. "వేలేసేది నేను" అన్న దగ్గర వెనక వరసలో ఎవరో నవ్వినారు, తర్వాత మాట రాగానే నవ్వు ఆగిపోయింది. బాస్ వేలిముద్ర మిషన్ ఫోటో దగ్గర చాలాసేపు ఆపినాడు, చైర్‌పర్సన్ గడియారం చూస్తాండాడు, బాస్ చూడలే.

ప్రశ్నల టైములో ఒక మేడం లేచి నన్నడిగింది, వాళ్లని కాదు: "వీళ్లు నిజంగా అర్థం చేసుకునే చెప్పినారా, మీరు బట్టీ పట్టించినారా?" నేను నోరు తెరవకముందే కండక్టర్ పసుపు అట్ట ఎత్తినాడు. "నన్నడుగు మేడం. మెల్లగా అడుగు." ఆమె ఒక్క క్షణం తడబడి, ఆయన వైపు తిరిగి, మీకు డబ్బు లెక్కపెట్టడం వచ్చా అని అడిగింది. "వంద దాకా వస్తాది. ఐదొందల నోటుకి చిల్లర అంటే రాదు. నీకు బస్సులన్నీ తెలుసా?" అన్నాడు. ఆమె తెలీదని ఒప్పుకునింది, అది ఆమె పెద్దరికం. సెమినార్ మొత్తంలో నాకు ఇదొక్కటే నిజమైన చర్చ అనిపించింది.

కవర్లు ఇచ్చినారు, వక్తలకి ఇచ్చినంత కాదు, సగం. వోచర్ మీద కండక్టర్ సంతకం చేసినాడు, టీచరమ్మ పేరు రాసింది, బాస్ వేలు వేసినాడు, డబ్బులూ ఆయనే పట్టుకున్నాడు. సాయంత్రం వాళ్లమ్మ వచ్చినప్పుడు కవరు చూపించినాడు, ఇయ్యలే. ఆమె కూడా అడగలే.

డిసెంబర్

సెమినార్ పేపర్లతో పుస్తకం వేస్తారంట. మెయిల్ వచ్చింది, ఒక పేపర్‌కి రచయితలు ముగ్గురికి మించకూడదు. మేం ఐదుగురం, వాళ్లు ముగ్గురు, సార్, నేను. ఎవరిని తీయల్ల అని వాళ్లనే అడిగినా. టీచరమ్మ అస్సలు ఆలోచించలే, "నిన్నూ సార్‌నూ" అనింది. సార్ నవ్వి సరేనన్నాడు, కృతజ్ఞతల్లో మా ఇద్దరి పేర్లు వేస్తారు.

దాని తర్వాత ఇంకో మెయిల్, ఉత్తరప్రత్యుత్తరాలకి బాధ్యత వహించే రచయిత ఎవరు, ఆయన సంస్థ మెయిల్ ఐడీ ఏంది, సంస్థలో ఉద్యోగి అయి ఉండల్ల అని. పరిశోధన అనుమతి అర్జీకి కూడా ఇంకా జవాబు లేదు, ఊర్లలో అడగాల్సిన ఫోటో కార్డులు మాత్రం లామినేషన్ చేయించి సిద్ధంగా పెట్టుకున్నాం, కండక్టర్ ఏ బస్సులో ఏ ఊరికి ముందు పోవాలో వరస కూడా వేసేసినాడు.

మెయిల్‌కి జవాబు ఈరోజు రాసినాం. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు, టీచరమ్మ చెప్తాంటే నేను టైప్ చేసినా: "మేము సెంటర్లో పని చేస్తాం. మా ముగ్గురి పేర్లు ఉండల్ల. ఏమన్నా అడగాలంటే సెంటర్ నంబరుకి ఫోన్ చేయండి, మేమే మాట్లాడతాం. మెల్లగా అడగండి. ఒంటిగంటకి చేయొద్దు, అది మాత్రలేసుకునే టైము." బాస్ పంపే బటన్ నొక్కినాడు. జవాబు వస్తే రాస్తా.